దుమ్ము తుడిచే చెయ్యి

సోమవారం పొద్దున హోల్గర్ ఇప్సెన్ గుమ్మంలో వంగి బూట్లు విప్పుకుంటూ ఉండగానే ఆ రొద చెవిన పడింది. పెద్ద రొదేం కాదు. సన్నగా, లోతుగా, గుంయ్‌మని, ఆగకుండా సాగుతోంది. కొత్తవాళ్ళయితే ఫ్రిజ్ చప్పుడనుకుని ఊరుకుంటారు. రొన్నె ఊళ్ళో నలభై మూడేళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసిన హోల్గర్ అలా అనుకోడు. గోడలో కరెంటు పాటలోకి దూరిందని ఒక్క క్షణంలో పట్టేశాడు.

"వింటున్నావుట్రా?" లోపల్నుంచి ఐగిల్ కోఫోడ్ కేకేశాడు. "విను, బాగా విను. మొన్న శనివారం మన నేస్తాలు నలుగురూ వచ్చి కూచుని ఇదే విన్నారు. పాటకి పిలిచి తేనెటీగల్ని వినిపించానట. ఆ మాటన్నది ఎవరనుకున్నావు? చెవుడున్న థోర్వాల్!"

"వాడిక్కూడా వినిపించిందంటే నాకు పని ఉన్నట్టే."

హోల్గర్ సంచిలోంచి తన ఊలు చెప్పులు తీసి తొడుక్కున్నాడు. ఎవరింటికి పనికి వెళ్ళినా అతని చెప్పులు అతనివే. ఐగిల్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. వసంతంలో తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ కుర్చీ, దాని ముందు చక్రాల నడక బండి, ఇవే అతని ప్రపంచం. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకి సంగీతం చెప్పిన గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. కుర్చీలోంచే ఊరంతటినీ క్లాసులో నిలబెట్టగలడు.

ఎదురుగా గోడ వారన బల్ల మీద యాంప్లిఫయరు ఉంది. బూడిద రంగు ఇనుప పెట్టె, ముందు వైపు తిప్పడానికి రెండు నల్లటి బేకలైటు మరలు. హోల్గర్ పనిలో చేరిన ఏడాది తయారైన యంత్రం. దాని పక్కన రికార్డు ప్లేయరు, వెనకాల గోడ పొడవునా, గదిని వేడిచేసే తెల్లటి ఇనుప రేడియేటరు. ప్లేయరు మీద, సూదిని రికార్డు మీదికి మోసే సూది చెయ్యి ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. మూడు వారాల క్రితం విరిగింది. కొత్త చెయ్యి ఇవాళ హోల్గర్ సంచిలో ఉంది.

"ముందు చెయ్యి బిగిస్తాను. తర్వాత రొద సంగతి."

"ఏదో ఒకటి కానీ. శనివారానికి మాత్రం నాకు ఇల్లు నిశ్శబ్దంగా కావాలి."

హోల్గర్ కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుని కూచున్నాడు. ఆ సూది చెయ్యి లోపల్నుంచి వచ్చే నాలుగు తీగలు తలవెంట్రుకంత సన్నం. ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క దానికీ టంకం పెట్టాడు. డెబ్బై రెండేళ్ళ చేతులు ఇలాంటి పనికి ఇంకా వణకవు. దానికి లోలోపల కొంచెం మురిసిపోతాడు కూడా.

"గురువారం పదకొండింటికి మునిసిపాలిటీ వాళ్ళు ఆవిణ్ణి పిలిచారు," అన్నాడు ఐగిల్. "ఇల్లు తుడవడానికి పంపిన ఆ బొజేనాని. మనం రాసిచ్చిన కాగితాలు రెండూ వాళ్ళ దగ్గరున్నాయి. నా ఫిర్యాదూ, నువ్వు సంతకం పెట్టిందీ. ఇక ముసలివాళ్ళ ఇళ్ళకి పంపరనుకుంటా."

"అంత దూరం పోవాలంటావా? విరిగింది ఒక చెయ్యి."

"విరగ్గొట్టినందుకు కాదురా. అబద్ధమాడినందుకు. చేతిలోంచి జారిపోయింది, క్షమించండి అంటే నేను మనిషిని కానా? కరెంటు పట్టుకుందిట! ఆపేసి ఉన్న యంత్రం పట్టుకుందిట! నువ్వే కదా ఆవిడకి తేల్చి చెప్పావు."

అవును, చెప్పాడు. అక్టోబరులో ఒక రోజు హోల్గర్ ఇక్కడ కాఫీ తాగుతుంటే బొజేనా గుడ్డ చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చి అడిగింది. ఆ పెట్టె తుడుస్తుంటే అరిచెయ్యి జివ్వుమంటోందనీ, ఒకసారి మోచెయ్యి దాటి గుండె దాకా పాకిందనీ, ఒక్కసారి చూడండి అనీ. హోల్గర్ కుర్చీలోంచి లేవలేదు. "దాని వైరింగు నేను చేశానమ్మా. అది దాన్లో కాదు, మీలో ఉంది. డాక్టరుకి చూపించుకోండి," అన్నాడు. ఐగిల్ పగలబడి నవ్వాడు. ఆమె వెళ్ళి కిటికీ తుడుచుకుంది.

"చెప్పాననుకో," అన్నాడు హోల్గర్ తీగ మీంచి కన్నెత్తకుండా.

చెయ్యి బిగించి, బరువు సరిచూసి, రొద మీద పడ్డాడు. ఇది అతనికి వెన్నతో పెట్టిన విద్య. యంత్రానికి ఎర్తు, అంటే భూమిలోకి పోయే దారి, రెండు వైపుల నుంచి ఉంటే ఆ రెండు దారుల మధ్యా కరెంటు గుండ్రంగా తిరుగుతుంది, ఆ తిరుగుడే స్పీకర్లో రొదవుతుంది. ఒక దారి మూసేస్తే ఆగిపోతుంది. ఏ దారి మూయాలన్నదే పనివాడికి తెలియాల్సింది. యాంప్లిఫయరుకి తగిలించినవన్నీ ఒక్కటొక్కటే పీకుతూ వచ్చాడు. రికార్డు ప్లేయరు పీకాడు. రొద ఉంది. సీడీ పెట్టె పీకాడు. ఉంది. రేడియో పీకాడు. ఉంది. చివరికి పెట్టెకి స్పీకర్లూ, కరెంటు తీగా తప్ప ఏమీ మిగల్లేదు. అయినా రొద తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగినట్టు కూడా అనిపించింది.

హోల్గర్ లేచి నిలబడి నడుం నిమురుకున్నాడు. తిరగడానికి దారే లేనప్పుడు కరెంటు ఎక్కడ తిరుగుతోంది?

"యాంటెన్నా కేబులేదిరా? రేడియోకి ఉండేది."

"అదెక్కడిది! సెప్టెంబరులో బిల్డింగు మొత్తానికి ఫైబరు వేశారు కదా. కుర్రాళ్ళొచ్చి పాత కేబులు గోడలోనే కోసేసి పోయారు. ముక్క సొరుగులో పడేశాను."

హోల్గర్ తలూపాడు. ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. ఆలోచిస్తూ, అలవాటుగా, పెట్టె నెత్తి మీద అరిచెయ్యి ఆనించాడు.

రొద ఆగిపోయింది.

చెయ్యి తీశాడు. గుంయ్‌మంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నిశ్శబ్దం. చెయ్యి అటూ ఇటూ జరిపాడు. ఇనుము మీద వేళ్ళు నున్నగా జారలేదు. పైన సన్నటి మఖ్‌మల్ గుడ్డ పరిచినట్టు జరజరలాడింది. ఆ జరజర ఏమిటో అతనికి పదహారో ఏట నుంచీ తెలుసు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళందరికీ మొదటి రోజు చెప్పే పాఠం అదే. తెలియని ఇనుమును అరిచేత్తో పట్టుకోవద్దు, ముందు వేలి వెనక వైపుతో తాకి చూడు, కరెంటుంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ పాఠం చెప్పినవాడు ఇప్పుడు అరిచేత్తో నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద ఎండిన చెక్క నేల, ఊలు చెప్పులు. అందుకే బతికిపోయాడు.

"హా, అది అంతే!" అన్నాడు ఐగిల్ ఉత్సాహంగా. "ఆ బొజేనా తుడిచేటప్పుడు కూడా అలాగే ఆగేది. గుడ్డ పెడితే ఆగేది, తీస్తే మొదలు. ఎక్కడో వదులుగా ఉంది, ఆవిడ కదిపేస్తోందనుకున్నాను. ఇప్పుడొచ్చే పిల్ల దాన్ని ముట్టుకోదుగా, అందుకని ఆపకుండా మోగుతోంది."

హోల్గర్ చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు. ఎర్తు ఎక్కువై మోగే రొద కోసం పొద్దుట్నుంచీ వెతుకుతున్నాడు తను. ఇది ఎర్తు బొత్తిగా లేక మోగుతున్న రొద. మనిషి ముట్టుకుంటే ఆ మనిషే ఎర్తవుతున్నాడు, అప్పుడు ఆగుతోంది.

"ఏమైందిరా, మొహం అలా పెట్టావు?"

"ఏం లేదు. మీటరు తెచ్చుకోలేదు. బుధవారం వస్తాను." గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. "అప్పటిదాకా దీన్ని పెట్టకు. అసలు దీని దగ్గరికే రాకు."

"ఈ బండితో పరిగెత్తుకుని రానులే," అని నవ్వాడు ఐగిల్.

మంగళవారమంతా హోల్గర్ తన వర్క్‌షాపులోనే గడిపాడు. వర్క్‌షాపంటే ఇంటి వెనక గ్యారేజీ. కారు ఎప్పుడో బయటికి పోయింది, లోపలంతా సొరుగులే. ఒక్కొక్క సొరుగు మీదా అతని చేత్తో రాసిన చీటీ. యాంటెన్నా సామాన్ల సొరుగు లాగాడు. ఏం వెతుకుతున్నాడో తెలుసు, దొరక్కూడదని కూడా కోరుకుంటున్నాడు. దొరికింది. విప్పని ప్లాస్టిక్ కవరులో అగ్గిపెట్టంత నల్లటి డబ్బా, కవరు మీద తన అక్షరాలే. 'ఐగిల్ ఇంటికి.'

యాంటెన్నా తీగ మధ్యలో తగిలిస్తే పాటను పోనిచ్చి ఎర్తును ఆపేసే డబ్బా అది. రెండేళ్ళ క్రితం ఐగిల్ ఇంట్లో ఇలాగే రొద వచ్చినప్పుడు గోడ నుంచి ఒక ఎర్తూ, యాంటెన్నా నుంచి ఒక ఎర్తూ ఉన్నాయి. యాంటెన్నా దారి మూయాలి. దానికి ఈ డబ్బా కావాలి, అది కోపెన్‌హాగెన్ నుంచి రావడానికి వారం పడుతుంది. సాయంత్రం చూస్తే ఐగిల్ నేస్తాలొస్తున్నారు. అప్పుడు తనేం చేశాడు?

ఎల్నా కాఫీ ఫ్లాస్కూ, రొట్టె మీద పొగబెట్టిన హెర్రింగు చేపా పట్టుకుని వచ్చింది. నలభై ఆరేళ్ళుగా అతని భార్య. మొగుడు మాట్లాడకుండా సొరుగు ముందు నిలబడ్డాడంటే ఏదో తప్పు చేసి వచ్చాడని ఆమెకి తెలుసు.

"తినవా? చేప మీద గుడ్డు సొన కూడా వేశాను."

"ఎల్నా, ఆ పోలండావిడ, బొజేనా, చెప్పింది నిజమేమోనని నీకు ఎప్పుడైనా అనిపించిందా?"

"నాకు మొదటి రోజే అనిపించింది. అన్నాను కూడా. నువ్వు వినలేదు." ఆమె ఫ్లాస్కు మూత తిప్పింది. "నీకు స్పీకర్లో ఈగ వాలినా వినిపిస్తుంది. మనిషి మాట మాత్రం వినబడదు."

"యంత్రం ఆపేసి ఉంది ఎల్నా. ఆపేసినదాన్లో కరెంటెక్కడిదీ అనుకున్నాను."

"అనుకున్నావు. వెళ్ళి చూశావా?"

చూడలేదు. చూడకుండానే కాగితం మీద సంతకం పెట్టాడు. 'సదరు యంత్రంలో ఏ లోపమూ లేదని నలభై మూడేళ్ళ అనుభవంతో ధ్రువీకరిస్తున్నాను.' ఆ నలభై మూడేళ్ళ మాట ఐగిల్ చేర్చమంటే చేర్చాడు. చేర్చినప్పుడు బాగుందనిపించింది.

బుధవారం పదింటికి మీటరూ, పనిముట్ల పెట్టీ పట్టుకుని వెళ్ళాడు. ఈసారి బల్ల ముందు కూచోగానే ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. మూడు కాళ్ళ ప్లగ్గు, నిక్షేపంలా ఉంది. బయటినుంచి చూస్తే ఎర్తు కాలు మెరుస్తూ దాని చోట అది ఉంది. మూత మర విప్పాడు.

లోపల పసుపూ ఆకుపచ్చా చారల తీగ కాలి దాకా రాలేదు. మొదట్లోనే శుభ్రంగా కోసి ఉంది. కోసిన మొనకి చిన్న రబ్బరు తొడుగు వేసి, వేడితో బిగించి ఉంది. మొరటువాడి పని కాదు. చాలా నీటుగా చేసిన పని. ఆ తొడుగు వేసే తీరు ఊళ్ళో ఒక్కడిదే.

హోల్గర్‌కి చెవులు గడియపడ్డట్టయింది. ఐగిల్ ఏదో అంటున్నాడు, వినిపించలేదు. రెండేళ్ళ క్రితం ఈ బల్ల దగ్గరే, ఇదే స్టూలు మీద కూచుని, తన చేత్తోనే కోశాడు. 'యాంటెన్నా ఎర్తు ఉందిగా, వారం రోజులకి ఇదే చాలు, డబ్బా రాగానే మళ్ళీ కలిపేస్తాను' అనుకున్నాడు. రొద పోయింది. ఐగిల్ చప్పట్లు కొట్టాడు. వారం పోయింది, డబ్బా వచ్చింది, సొరుగులోకి పోయింది. పని నేర్చుకునే కుర్రాళ్ళెవరైనా ఎర్తు తీగ కోస్తే ఆ రోజే ఇంటికి పంపేసే మనిషి, తను కోసిన సంగతి శుభ్రంగా మర్చిపోయాడు. ఈ సెప్టెంబరులో ఎవరో కుర్రాళ్ళొచ్చి గోడలో కేబులు కోశారు. ఆ పెట్టెకి భూమితో ఉన్న ఆఖరి బంధం అలా తెగిపోయింది.

"హోల్గర్! నిన్నేరా! చచ్చిన ఎలకేమైనా ఉందా దాన్లో?"

"ఒక్క నిమిషం."

అప్పుడిక పెట్టె అడుగు విప్పాడు. కరెంటు తీగ లోపలికి వచ్చిన చోట, స్విచ్చికి ముందే, రొదను వడగట్టే పాతకాలపు కాగితం కెపాసిటరు ఒకటి ఇనుప పెట్టెకి కలిపి ఉంది. ఆ రోజుల్లో అలాగే పెట్టేవారు. దాని మైనం కారిపోయి, ఒళ్ళు ఉబ్బి, పక్కన పగిలింది. స్విచ్చికి ముందుంది గనక యంత్రం ఆపినా, పెట్టినా దానికి ఒకటే. ఆపేసినదాన్లో కరెంటెక్కడిది అని రెండు నెలలుగా ఇద్దరు పెద్దమనుషులు నవ్వుకున్న ప్రశ్నకి జవాబు బొటనవేలంత ఉంది.

"ఒక పని చేస్తాను, చూడు," అన్నాడు. తొడుగును తీగ మొనతో సహా కోసేసి, చారల తీగను ఎర్తు కాలికి బిగించి, మూత వేశాడు. స్విచ్చి ఆపేసి ఉందని ఐగిల్‌కి రెండుసార్లు చూపించాడు. తర్వాత ప్లగ్గు గోడలోకి తోశాడు.

వసారాలో ఠప్పున చప్పుడైంది. ఫ్రిజ్ ఆగింది. దీపం ఆరింది. వంటింట్లో ఓవెను గడియారం మాయమైంది. మీటరు పెట్టెలో, కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే దానంతటదే ఆపేసే లీకేజీ స్విచ్చి పడిపోయింది.

ఐగిల్ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు. "ఆ రోజు కూడా ఇలాగే..." అని ఆగిపోయాడు.

"ఆ రోజు ఏంటి?"

"ఆవిడ పడిపోయినప్పుడు. కరెంటు పోయింది. దుమ్ము మిషను తీగ లాగేసి ఫ్యూజు పీకేసిందనుకున్నాను." ఐగిల్ కళ్ళు రేడియేటరు మీదికి పోయాయి. "వెనకాల తుడవడానికి వంగింది. ఆ చెయ్యి దాని మీద వేసింది, ఈ చెయ్యి పెట్టె మీద. అరిచింది. మోకాళ్ళ మీద పడింది. పడుతూ పడుతూ సూది చెయ్యి లాక్కుపోయింది. నేను... నేను ముందు దాన్నే చూశానురా. ప్లేయరుని."

హోల్గర్ మనసులో లెక్క దానంతటదే జరిగిపోతోంది. రేడియేటరు గొట్టాలు నేరుగా భూమిలోకి పోతాయి; ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, మధ్యలో గుండె. వసారాలో ఆ చిన్న మీట పడబట్టి మనిషి మిగిలింది. అది పాడైపోయి ఉంటే? పాత బిల్డింగుల్లో సగం వాటిని ఏడాదికోసారి నొక్కి చూడాలన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. హోల్గర్ వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఇంట్లో ఐగిల్ ముట్టుకునేది కరెంటు పాకని ఆ రెండు బేకలైటు మరల్నే. శనివారం వచ్చే నేస్తాలు అసలేమీ ముట్టుకోరు. ఆ ఇనుప పెట్టెను ఒట్టి చేత్తో తాకే మనిషి ఒక్కతే, దుమ్ము తుడిచే మనిషి. ఆమె రెండు నెలలుగా చెబుతూనే ఉంది. అది వినడానికి ఈ ఇంట్లో ఉన్నవి రెండు జతల మంచి చెవులు, పాటలో పావు స్వరం తప్పినా పట్టే చెవులు.

తిరిగొచ్చి పాత కెపాసిటరు కోసి తీశాడు. కొత్తది వేసి, మీటరుతో మూడుసార్లు చూశాడు. ప్లగ్గుకి కొత్త మూడు కాళ్ళ బుర్ర బిగించి, పాతదాన్ని పక్కన పెట్టాడు. వసారాలో మీట ఎత్తాడు. ఈసారి పడలేదు. యంత్రం పెట్టి, వేలి వెనక వైపుతో పెట్టెను తాకాడు. ఏమీ లేదు. చల్లటి ఇనుము.

స్పీకర్లలో ఏ చప్పుడూ లేదు. రొద లేదు. కిటికీ బయట పావురం రెక్క కొట్టుకోవడం వినిపిస్తోంది.

ఐగిల్ మొహం వికసించింది. తట్టుకోలేకపోయాడు పాపం. "పోయింది! పూర్తిగా పోయిందిరా! ఇరవై ఏళ్ళలో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు." తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు హోల్గర్, బాగైపోయింది కదా. ఇక దాన్ని కెలకడం ఎందుకు? ఎవరికీ ఏం కాలేదు."

"రేపు పదకొండింటికి అవుతుంది."

"నేను ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానులే. ముసలివాణ్ణి, కోపంలో రాశానంటాను. అంతకన్నా ఎందుకు? నువ్వు కోశావని తెలిస్తే నీ పేరేమవుతుంది ఊళ్ళో? పోలీసుల దాకా పోవచ్చు కూడా. ఆవిడకి వేరే ఇళ్ళు దొరుకుతాయిరా. నాకు వేరే హోల్గర్ దొరకడు."

హోల్గర్ ఆ మాటకి ఒక్క క్షణం మెత్తబడ్డాడు. ఆ మెత్తబడడం తనకే తెలిసింది, ఒళ్ళు మండింది. పాత ప్లగ్గునీ, కోసిన తొడుగునీ, ఉబ్బిన కెపాసిటరునీ రుమాల్లో మూట కట్టి జేబులో వేసుకున్నాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటుంటే లోపల పాట మొదలైంది. పిల్లల బృందగానం. ప్రతి గొంతూ విడివిడిగా వినిపిస్తోంది. బూటు తాడు రెండుసార్లు తప్పుగా ముడేసి, మూడోసారి సరిగ్గా వేసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం అతన్ని ఎవరూ పిలవలేదు. పదకొండుకి పది నిమిషాలుండగానే మునిసిపాలిటీ రెండో అంతస్తులో కూచున్నాడు. ఎల్నా బలవంతాన ఇస్త్రీ చొక్కా వేయించింది. తలుపు తెరిచి ఉంది. లోపల కామిల్లా అనే అధికారి, ఎదురుగా బొజేనా. నలభై ఐదేళ్ళుంటాయి, పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఆకుపచ్చ కోటు విప్పకుండానే కూచుంది. వసారాలో హోల్గర్‌ని చూసి మొహం తిప్పుకుంది. తన మీద సాక్ష్యం చెప్పడానికి స్వయంగా వచ్చాడనుకుని ఉంటుంది.

"మీరు రావాల్సిన అవసరం లేదు," అంది కామిల్లా. "పొద్దున కోఫోడ్ గారు ఫోన్ చేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నారు, కారణం చెప్పలేదు. అయినా మీ కాగితం మాత్రం ఫైల్లో ఉంది. యంత్రంలో లోపం లేదన్నారు కదా మీరు? అది నిలబడితే ఈవిడ చెప్పింది..."

"నా కాగితం అబద్ధం," అన్నాడు హోల్గర్.

రుమాలు మూట బల్ల మీద విప్పాడు. వివరంగా చెబుదామని దారి పొడవునా మాటలు కూడగట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే నాలుగు మాటలే మిగిలాయి. ఎర్తు తీగ నేనే కోశాను. మర్చిపోయాను. ఆవిడ చెబితే చూడలేదు. చూడకుండా సంతకం పెట్టాను. పెట్టెలో కరెంటు ఉంది, నిన్న నేనే తేల్చుకున్నాను, ఆవిడని పట్టుకున్నది కరెంటే.

కామిల్లా కలం ఆగిపోయింది. బొజేనా మాత్రం ముందుకి వంగి తొడుగు ముక్కను చేతిలోకి తీసుకుంది. దాని లోపల మిగిలిన చారల తీగ మొనను చూసింది.

"దీన్ని కోశారా?"

"అవును."

"ఎందుకు?"

"రొద పోవాలని."

"పోయిందా?"

"పోయింది."

ఆమె తలూపింది. తిట్టలేదు. తిడితే పడదామని సిద్ధపడి వచ్చిన హోల్గర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని జిప్పు లాగి, ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసింది. రోజుకో అరగా ఏడు అరలు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. దాన్ని ప్లగ్గు పక్కన, చక్కగా సమానంగా పెట్టింది.

"మీరు డాక్టరుకి చూపించుకోమన్నారు కదా," అంది. "చూపించుకున్నాను. చేతిలోంచి గుండెలోకి పాకుతుంది అని చెప్పాను. కరెంటు కాదని రేడియో ఆయన చెప్పాడు, ఆయనకి అన్నీ తెలుసు అని కూడా చెప్పాను. ఆరు వారాల నుంచి వేసుకుంటున్నాను. వేసుకుంటే తల తిరుగుతుంది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. మొన్న ఒకావిడకి స్నానం చేయిస్తూ భయమేసింది, పడేస్తానేమో అని."

తన వల్ల ఒక సూది చెయ్యి విరిగిందని, ఒక ఉద్యోగం పోబోయిందని లెక్కేసుకుని వచ్చాడు హోల్గర్. ఈ డబ్బా అతని లెక్కలో లేదు. నవ్వుతూ, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా అన్న ఒక్క మాట. దాన్ని ఈవిడ రోజుకి రెండుసార్లు నీళ్ళతో మింగుతోంది.

"అయితే..." బొజేనా అతని మొహంలోకి సూటిగా చూసింది. అక్టోబరులో గుడ్డ చేత్తో పట్టుకుని ఎలా అడిగిందో అలాగే అడిగింది. "అయితే నా గుండెకి ఏమీ లేదా?"

ఏమీ లేదమ్మా అనబోయాడు. మాట నోటి చివరికి వచ్చేసింది కూడా. బరువు దిగిపోయేది. కామిల్లా కూడా అతని వైపే చూస్తోంది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "అప్పుడూ తెలీదు. తెలిసినట్టు చెప్పాను." "మీ డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. ఎంత కరెంటు, ఎన్నిసార్లు, ఏ చేతిలోంచి ఏ చేతిలోకి వెళ్ళిందో అంతా రాసి ఇస్తాను. మీరు రానిస్తేనే."

బొజేనా మాత్రల డబ్బా తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. రమ్మనలేదు, వద్దనలేదు. "శుక్రవారం రెండున్నరకి," అంది చివరికి, ఎటో చూస్తూ. "ఆలస్యం చెయ్యకండి. ఆయన ఎవరికోసమూ ఆగడు."

కామిల్లా కాగితం ఒకటి తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించి ఆమె ముందుకి జరిపింది. బొజేనా కుర్చీని దగ్గరికి లాక్కుంది. బల్ల చుట్టూ అంచు ఇనుపది. రాయడానికి మోచెయ్యి ఆనించబోయి ఆగింది. ముందు వేలు మడిచి, వేలి వెనక వైపుతో ఆ అంచును ఒకసారి తాకి చూసింది. ఏమీ లేదని రూఢి చేసుకున్నాక చెయ్యి ఆనించి సంతకం పెట్టింది.

ఆ పాఠం ఆమెకి ఎవరూ చెప్పలేదు. హోల్గర్ ఆ వేలినే చూస్తూ కూచున్నాడు.